నల్లతీగ, నీలితీగ

మా భవనానికి ఆరు అంతస్తులు, అంతస్తుకు రెండేసి ఇళ్లు. బల్బు మాడినా, తలుపు గంట మూగబోయినా, స్నానాల గదిలో వేడినీళ్ల యంత్రం చిటపటలాడినా ఆ పన్నెండు ఇళ్లవాళ్లూ పిలిచేది ఒక్క మనిషినే. ఆయన పేరు మాక్ పాక్‌పుయ్. వయసు డెబ్భై. రెండో అంతస్తులో ఒంటరిగా ఉంటాడు. ఊరందరికీ ఆయన పుయ్ బాబాయి. తాయ్‌కోక్‌ట్సుయ్ పేటలో ఈ భవనం లేచిన 1964లో, గోడల సున్నం ఆరకముందే వాటి లోపల కరెంటు తీగలు లాగిన పనివాళ్లలో ఆయనొకడు. ఏ ఇంటికి ఏ తీగ ఎటునుంచి పోతుందో అప్పట్లో ఆయన గీసుకున్న పటం ఇప్పుడు నా బీరువాలో ఉంది. యజమానుల సంఘం పత్రాలు భద్రపరిచే బాధ్యత ఇరవై ఏళ్లుగా నాది.

ఆ ఏడు ఆరో చాంద్రమాసంలో ఎండలు మనుషుల్ని నిలవనీయలేదు. ఆరో అంతస్తు ఎడమవైపు ఇంట్లో చౌ లిన్‌తై అనే ఆవిడ కొడుకుతో, కోడలితో కాపురముంటుంది. కొడుకు సరిహద్దు దాటి లారీ తోలుతాడు, వారానికి రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. కోడలు హో సుక్‌యీకి ఎనిమిదో నెల. మిద్దె కప్పు పగలంతా కాగి ఆ వేడిని నేరుగా వాళ్ల నెత్తిన దించేది. సుక్‌యీ మధ్యాహ్నాలు నాలుగో అంతస్తు మెట్ల మీదికి దిగివచ్చి, మెడకు తడి తువ్వాలు చుట్టుకుని కూర్చునేది. కాళ్లు వాచాయి. రక్తపోటు పెరుగుతోందనీ, చల్లగా ఉండే ఏర్పాటు చేయకపోతే ఇప్పుడే ఆస్పత్రిలో చేర్చి కాన్పు దాకా ఉంచేస్తామనీ నర్సు హెచ్చరించింది.

ఏసీ పెట్టించవచ్చు కదా అని ఆ ఇంట్లో ఎవరూ అనరు. రెండేళ్ల కిందట ఏసీ చట్రం బిగించడానికి కొడుకు గోడకు డ్రిల్లు వేశాడు. అప్పుడు కోడలికి మూడో నెల. నాలుగు రోజుల్లో గర్భం పోయింది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో గర్భాన్ని కాచే దేవత రోజుకొక చోట కొలువుంటుందనీ, ఆ చోట మేకు దిగినా, సుత్తి పడినా, మంచం జరిగినా శిశువుకు తగులుతుందనీ ఇక్కడి పెద్దవాళ్ల నమ్మకం. ఏ రోజు ఎక్కడ ఉంటుందో పంచాంగంలో అచ్చువేసి మరీ ఉంటుంది. నేను నలభై ఏళ్లు పిల్లలకు భూగోళం చెప్పినవాణ్ణి. ఆ పంచాంగం ముందు నా చదువు ఎంత, లిన్‌తై కడుపుకోత ముందు నా వాదం ఎంత. 

పుయ్ బాబాయే దారి చూపాడు. ముందు గది కప్పులో, మంచానికి దూరంగా, కాంక్రీటులో పోతపోసిన ఇనుప కొక్కెం ఒకటి ఉంది. అరవైల్లో ప్రతి ఇంటికీ ఫ్యాను కోసం పెట్టినదే. దాని పక్కనే తీగల పెట్టె. ఒక్క రంధ్రం వేయకుండా, ఒక్క దెబ్బ కొట్టకుండా ఫ్యాను ఎక్కిస్తానన్నాడు. కొత్త ఫ్యాన్లు ఆ కొక్కేనికి పట్టవు. పాతకాలపు బరువైన ఫ్యానే కావాలి.

దాని కోసం ఇద్దరం షామ్‌షుయ్‌పోలో అప్‌లియు వీధికి వెళ్లాం. పాత సామాను పరిచిన బల్లల నడుమ ఆయన ఏ ఫ్యాను మెరుపూ చూడలేదు. ఇరుసును వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"తాతా, పాట వింటున్నావా?" అని అంగడివాడు వెక్కిరించాడు.

"నీ బేరింగు పాడుతోంది. అది పాడకూడదు" అన్నాడు పుయ్ బాబాయి.

మూడో బల్ల మీద దొరికింది. ఆకుపచ్చ పూత, యాభై ఆరంగుళాల మూడు రెక్కలు. తెచ్చిన రోజునుంచి ఆయనకు ఇంట్లో కుదురు లేదు. పాత గ్రీజు గీకి కొత్తది నింపాడు, కండెన్సర్ మార్చాడు, మూడు రెక్కల్నీ చేపల తక్కెడలో వేసి తూచాడు. ఒక రెక్క పావుతులం ఎక్కువుందని దాని అంచు పూత ఆకురాయితో సగం పూట రుద్దాడు. మీటరు పెట్టి మోటారు లోపలి తీగచుట్టల్ని పరీక్షించి, తేమ తీయడానికి దాన్ని రెండు రోజులు ఎండలో ఉంచాడు. మధ్యలో మూడుసార్లు నా తలుపు కొట్టి, పైన ఆ పిల్ల ఎలా ఉందని అడిగాడు.

లిన్‌తై పంచాంగం చూసి రోజు కుదిర్చింది. ఆ రోజు దేవత ఇంటి బయట ఉంటుందట. అందులోనూ తొమ్మిదినుంచి పదకొండు వరకు ఉన్న పాముగడియే మంచిదట. పదకొండు దాటితే గుర్రపు గడియ. సుక్‌యీ ఎలుక సంవత్సరంలో పుట్టింది, ఎలుకకూ గుర్రానికీ పడదు. ముందు రోజే ఆవిడ రెండో అంతస్తుకు దిగివచ్చి, సుత్తి గనక తెస్తే గడప దాటనివ్వనని ఆయనకు చెప్పి వెళ్లింది.

ఆయన సుత్తి తేలేదు. తెచ్చిన ప్రతి పనిముట్టుకూ గుడ్డ చుట్టి తెచ్చాడు, నేల మీద పెట్టినా చప్పుడు కాకూడదని. లిన్‌తై కొత్త చీపురుకు పొడుగు కర్ర కట్టి కప్పునంతా మెల్లగా ఊడ్చింది. అక్కడ ఎవరైనా ఉంటే కాస్త పక్కకు జరగమని మనవి చేసుకునే పద్ధతి అది. ఆ తర్వాతే స్టూలు వేయనిచ్చింది. పుయ్ బాబాయి మొదట మెయిన్ తీశాడు. కొక్కేనికి రెండు బియ్యం బస్తాలు వేలాడదీసి, పెచ్చు ఊడుతుందేమోనని కింద నిలబడి చూస్తూ ఉండిపోయాడు. ఇటువంటి కొక్కేన్ని ఆయన గంటసేపు పరీక్షించనిదే నమ్మడు. కానీ ఆవిడ గడియారం చూస్తోంది.

"అన్నయ్యా, బియ్యం ఆరబెడుతున్నావా, ఫ్యాను పెడుతున్నావా?" అంది.

"ఇంకో పావుగంట ఓర్చుకో చెల్లెమ్మా. పడితే బస్తాలే పడనీ."

"నీ పావుగంటలకు నా పాముగడియ చాలదు."

నిజంగానే చాలలేదు. ఫ్యాను కొక్కేనికి ఎక్కి, బోల్టుకు రబ్బరు వాషరు పడి, పిన్ను వంగి, జాగ్రత్తకోసం ఉక్కుతాడు కూడా చుట్టేసరికి పదిన్నర దాటింది. అప్పుడు ఆయన తీగల పెట్టె మూత విప్పాడు. లోపల రెండే తీగలు, నలుపూ నీలమూ. కింద నిలబడ్డ నాకు ఆ మాట చెప్పి తల ఊపాడు. ఆయన పని నేర్చుకున్న నాటి లెక్కలో ఎరుపు, పసుపు, నీలం మూడూ కరెంటు తెచ్చే ఫేజు తీగలు, నలుపు ఆ కరెంటు తిరిగి పోయే న్యూట్రల్. ఆరో అంతస్తు ఎడమ ఇంటికి నీలి ఫేజు ఇచ్చారని పటంలో ఆయన చేతిరాతే ఉంది. అందుకని నీలితీగను స్విచ్చుకూ రెగ్యులేటరుకూ కలిపాడు, నల్లతీగను నేరుగా ఫ్యానుకు కలిపాడు. ఏ పనిలోనైనా చివర మెయిన్ వేసి, టెస్టర్ పెట్టి ఒక్కో తీగనూ తాకి చూసుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు మాత్రం పదకొండుకు ఇంకా నాలుగు నిమిషాలుందనగా, అది చేయకుండానే మూత బిగించి దిగిపోయాడు.

ఫ్యాను తిరిగింది. చప్పుడు లేదు. సుక్‌యీ నుదుటికి అంటుకున్న జుట్టు విడివడి పక్కకు ఎగిరింది. ఆ పిల్ల కళ్లు మూసుకుని గాలికి ముఖమెత్తి కూర్చుంది. లిన్‌తై ఆయన చేతిలో డబ్బు పెట్టిన ఎర్ర కవరు పెట్టబోతే ఆయన తీసుకోలేదు. ఫ్యాను ఇప్పుడే ఎక్కువసేపు తిప్పకండి, కాసేపు ఆపి బోల్టులు సర్దుకోనివ్వండి అని చెప్పి, నన్ను వెంటబెట్టుకుని వీధి చివర టీ దుకాణానికి నడిచాడు.

అక్కడా ఆయనకు కుదురు చిక్కలేదు. బన్ను తుంచాడు, తినలేదు. పాలటీలో చెంచా తిప్పుతూనే ఉన్నాడు. ఏమైందని అడిగితే కొక్కెం అన్నాడు, కాదు కొక్కెం బాగానే ఉందన్నాడు. వేళ్లు ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. తీగ చివర తొక్క ఒలిచి మెలిపెట్టేటప్పుడు ఎలా రుద్దుతారో అలా.

"మాస్టారూ," అన్నాడు కాసేపటికి, "అరవై నాలుగులో మేం లాగిన తీగలకు తగరం పూత ఉండేది. ఒలిస్తే తెల్లగా వచ్చేది."

"అయితే?"

"ఇందాక ఒలిచింది ఎర్రగా ఉంది. పచ్చి రాగి."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనకే పూర్తిగా అర్థమయిందో లేదో. ఆయన అడిగింది ఒక్కటే. నాలుగేళ్ల కిందట తాను స్వగ్రామంలో ఉన్న మూడు నెలల్లో, భవనానికి కొత్త తీగలు వేసిన గుత్తేదారు మెట్లవైపు పని మాత్రమే చేశాడా, ఇళ్ల లోపల కూడా చేశాడా అని.

ఆ గుత్తేదారు సంగతి తలచుకుంటే నాకు ఈనాటికీ రక్తం మరుగుతుంది. పుయ్ బాబాయి అన్నగారి కర్మకాండకు ఊరు వెళ్లినప్పుడు, తక్కువకు చేస్తానని వచ్చి, పైరెండు అంతస్తులు ముట్టుకుని, మిగిలిన పని ఎగ్గొట్టి పోయాడు. అప్పటికి తీగల రంగుల చట్టం మారింది. కొత్త లెక్కలో ఇళ్లలోకి వచ్చే ఫేజు తీగ గోధుమరంగులో ఉండాలి, నీలం న్యూట్రల్. నలుపు పెద్ద లైన్లలో ఒక ఫేజుకు గుర్తు. పాత రంగులూ కొత్త రంగులూ కలిసిన చోట మెయిన్ పెట్టె మీద హెచ్చరిక చీటీ అంటించి తీరాలి. అంటించానని, ఆ రెండు అంతస్తుల పని పూర్తయిందన్న కాగితంలో అతను రాసి ఇచ్చాడు. ఆ చీటీ ఎక్కడా లేదు. దాని గురించి విద్యుత్ శాఖకు నేను మూడు ఉత్తరాలు రాశాను. మీ ఉత్తరం పరిశీలనలో ఉందని ఒకే ఒక్క జవాబు వచ్చింది. అదీ దాచాను. ఇళ్ల లోపల కూడా పని చేశాడని నేను పుయ్ బాబాయితో అన్నాను. అతను ఇచ్చిన సామాను జాబితా కూడా అప్పుడే గుర్తొచ్చింది: నలుపు ఎనిమిది చుట్టలు, నీలం ఎనిమిది చుట్టలు. గోధుమరంగు ఊసే లేదు. నాలుగేళ్లు ఆ కాగితాన్ని భద్రంగా దాచానే తప్ప, అది ఏం చెబుతోందో ఒక్కసారి చదవలేదు. పని పూర్తయిందన్న కాగితం అడుగున సంతకం చేసినవాణ్ణీ నేనే.

పుయ్ బాబాయి డబ్బులు కూడా ఇవ్వకుండా లేచాడు. నేను ఇచ్చి బయటికొచ్చేసరికి ఆయన మా భవనం మెట్ల దగ్గర ఉన్నాడు. ఆ మనిషి మోకాళ్లు అరిగాయి, రోజూ రెండో అంతస్తుకే రెండుసార్లు ఆగి ఎక్కుతాడు. ఆ రోజు ఎక్కడా ఆగలేదు. నలుపులో కరెంటు ఉంటే, తాను స్విచ్చు పెట్టింది తిరుగు తీగకు. అంటే స్విచ్చు తీస్తే రెక్కలు ఆగుతాయి గానీ ఫ్యాను లోపల కరెంటు అలాగే నిలిచి ఉంటుంది. ఆ పాత మోటారు ఒంటికి కాస్త కరెంటు జారినా దాన్ని నేలకు దించే ఎర్త్ తీగ కూడా లేదు. ఇదంతా ఆయన నాలుగో అంతస్తు మలుపులో రొప్పుతూ, నాకు వీపు చూపుతూనే చెప్పాడు.

తలుపు తీసే ఉంది. లిన్‌తై స్టూలు మీద నిలబడి ఉంది. ఒక చేతిలో తడిగుడ్డ, రెండో చెయ్యి ఆగిన రెక్క వైపు చాచి ఉంది. కింద సుక్‌యీ బకెట్టు పట్టుకుని నిలబడింది. పుయ్ బాబాయికి పిలవడానికి ఊపిరి లేదు. ఆయన తలుపు పక్కనున్న మెయిన్ మీద చెయ్యి వేసి కిందికి లాగాడు. వంటింట్లో దీపం ఆరిపోయింది, ఫ్రిజ్ మూలుగు ఆగింది. లిన్‌తై వెనక్కి తిరిగింది.

"ఏంటన్నయ్యా ఇది? రెక్కల నిండా నీ గ్రీజు మరకలు. తుడుస్తుంటే కరెంటు తీస్తావేం?"

"దిగు చెల్లెమ్మా. ముందు దిగు."

ఆవిడ దిగాక ఆయన స్టూలు ఎక్కాడు. స్విచ్చు తీసే ఉందని మాకు వేలు పెట్టి చూపించాడు. నన్ను మెయిన్ వేయమని, టెస్టర్ కొనను ఫ్యాను నడుము దగ్గర ఆనించాడు. టెస్టర్ లోపల ఎర్రటి వెలుగు వచ్చింది. సన్నని వెలుగే అది. గదిలో ఉన్న నలుగురం దాన్ని చూశాం.

ఆయన ఉన్నదంతా ఒప్పుకున్నాడు. గుత్తేదారును తిట్టలేదు, ఆ పని నాకు వదిలేశాడు. తగిలితే ప్రాణం పోయేంత కాకపోవచ్చనీ, స్టూలు మీంచి పడేంత మాత్రం ఉందనీ చెప్పాడు. టెస్టర్ పెట్టి చూడాల్సింది, చూడలేదు, అంతే అన్నాడు. గడియ మాట ఎత్తలేదు. లిన్‌తై తడిగుడ్డను చేతిలో నలుపుతూ గోడకు ఆనుకుంది. నీళ్లు ఆవిడ పాదం మీద కారుతున్నాయి.

"ఆ పిల్లే తుడుస్తానంది," అంది చివరికి. "కడుపుతో ఉన్నది చేతులు పైకెత్తకూడదని నేనే వద్దన్నా."

 గోడ గడియారంలో పన్నెండు కావస్తోంది. గుర్రపు గడియ. ఇప్పుడు విప్పితే ఆవిడ లెక్క ప్రకారం దోషం. విప్పకపోతే ఫ్యాను తిరగదు. రేపు దేవత ఇంటి లోపలికి వస్తుంది, ఆ తర్వాత ఆరు రోజులు ఇల్లు వదలదు. ఆ ఆరు రోజులూ ఆ గదిలో ఆ పిల్ల ఉండలేదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, సుక్‌యీకీ తెలుసు. పుయ్ బాబాయి స్టూలు మీదే నిలబడ్డాడు, దిగమంటారో విప్పమంటారో అని. టెస్టర్‌ను జేబులో పెట్టుకున్నాడు.

"పోయినసారి ఆ డ్రిల్లు మోతే బిడ్డను తీసుకుపోయిందనుకున్నా," అంది లిన్‌తై. "ఇప్పుడు మోత లేదు, ఏమీ లేదు. నా చేత్తో నేనే, తడిగుడ్డతో..."

"అత్తయ్యా, నేను వెళ్లి మాస్టారి ఇంట్లో కూర్చుంటా," అంది సుక్‌యీ. "బాబాయిని పని చేసుకోనివ్వండి."

"ఎక్కడికీ పోవద్దు. ఆ కాళ్లతో మెట్లు దిగుతావా?" లిన్‌తై గుడ్డను బకెట్టులో పడేసింది. స్టూలు దగ్గరికి వచ్చి దాని కాళ్లు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "విప్పు అన్నయ్యా. ఈసారి గడియారం నేను చూడను. నువ్వూ చూడకు."

మెయిన్ మళ్లీ తీశాం. ఆయన తీగలు మార్చి, నలుపును స్విచ్చుకు తెచ్చి, నీలాన్ని ఫ్యానుకు ఇచ్చాడు. ఆ పాత గొట్టంలోంచే పచ్చా పసుపూ కలిసిన ఎర్త్ తీగను ఒక్కో జానెడు లాగి, మెయిన్ పెట్టె దాకా చేర్చాడు. దానికే గంటన్నర పట్టింది. తర్వాత ప్రతి చోటా టెస్టర్ పెట్టాడు. స్విచ్చు తీసి రెక్కనూ నడుమునూ కొక్కేన్నీ తాకించాడు, వెలుగు రాలేదు. స్విచ్చు వేసి తాకించాడు, అప్పుడూ రాలేదు. నాలుగోసారి కూడా చూస్తుంటే, ఇక చాలు బాబాయ్, అని సుక్‌యీ మెల్లగా అంది. ఫ్యాను తిరిగింది. దాని కింద కూర్చోమని లిన్‌తై కుర్చీ వేస్తే ఆయన కూర్చోలేదు. ఒక్కో పనిముట్టునూ గుడ్డలో చుట్టుకుని బయటికి వచ్చేశాడు.

మెట్ల మీద ఆయన నన్ను అడిగింది ఆ సామాను జాబితా. నేను కిందికి వెళ్లి దానితోపాటు పని పూర్తయిందన్న కాగితం కూడా తెచ్చాను. ఐదో అంతస్తు రెండు ఇళ్లు, ఆరో అంతస్తు కుడి ఇల్లు కూడా అందులో ఉన్నాయి. గడచిన నాలుగేళ్లలో ఆ మూడు ఇళ్లలోనూ తాను లైట్లు బిగించానని ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. ఒకటి వంటింట్లో, రెండు స్నానాల గదుల్లో. ఆ పెట్టెలు తెరిచినప్పుడు లోపల ఏ రంగులున్నాయో ఆయనకు గుర్తు లేదు. ఎప్పుడూ చూసే నలుపూ నీలమే అయి ఉంటాయి, అందుకే గుర్తు లేదన్నాడు. రేపు చూసుకోవచ్చు, ముందు కాస్త అన్నం తినమన్నాను. నా మాట వినలేదు. ఇంటింటికీ పోయి ఏమని చెబుతావని అడిగాను. ఆ గుత్తేదారు కాగితం చూపించు, తప్పు అతనిదని చెప్పు, నేను సాక్ష్యం ఉంటాను అన్నాను. అతని తప్పు నీ దగ్గర ఉంచు మాస్టారూ, ఇది వేరే, అన్నాడు.

ఐదో అంతస్తు కుడి ఇంటి తలుపు కొట్టాడు. మినీబస్సు నడిపి విరమించిన తామ్ క్వాయ్ బనీనుతో, చేతిలో అన్నం తినే పుల్లలతో వచ్చాడు. లోపల చేపల వేపుడు వాసన.

"ఏం పుయ్ అన్నా, పిలవకుండానే వచ్చావ్? మా ఇంట్లో ఏదీ మాడలేదే. భోజనానికి గనక వచ్చుంటే ముందే చెప్పాలి, చేప ఒక్కటే ఉంది."

"మీ వంటింట్లో నేను పెట్టిన లైటు ఒకసారి చూడాలి. స్విచ్చు తీసినా అందులో కరెంటు ఉండి ఉండొచ్చు. టెస్టర్ పెట్టకుండా రంగు చూసి కలిపానేమో, నాకు గుర్తులేదు."

తామ్ నవ్వబోయి ఆయన ముఖం చూసి ఆగిపోయాడు. తల తిప్పి వంటింటి వైపు చూశాడు. పొయ్యి ముందు వాళ్లావిడ నిలబడి ఉంది, తలకు రెండడుగుల పైన ఆ లైటు వెలుగుతోంది.

"ప్రతి కొత్త సంవత్సరానికీ ముందు మా ఆవిడ దాన్ని సబ్బునీళ్లతో కడుగుతుంది," అన్నాడు తామ్ గొంతు తగ్గించి.

పుయ్ బాబాయి గడప బయటే చెప్పులు విడిచి, మెయిన్ ఎక్కడుందని అడిగాడు.